రెండు పేపర్లూ నిజమే రాశాయి, మరి పక్షపాతం ఎక్కడుంది?

దర్శి నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. "జర్నలిజం పీజీ ఎంట్రన్స్‌కు చదువుతున్నాను. ఎజెండా సెట్టింగ్, గేట్‌కీపింగ్, ఫ్రేమింగ్ అన్నీ బట్టీ పట్టాను. కానీ మా ఇంటికొచ్చే పేపర్లో అవి ఎక్కడున్నాయో వేలుపెట్టి చూపించమంటే చూపించలేను. నాన్న ఒక పేపరు చదువుతారు, బాబాయి ఇంకో పేపరు. వెలిగొండ ప్రాజెక్టు మీద ఒకే రోజు రెండింట్లో రెండు రకాలుగా వచ్చింది. ఏది అబద్ధం? పక్షపాతం లేని పేపరు ఏది?" చివర్లో ఇంకో చిన్న ప్రశ్న కూడా ఉంది, మండల కంట్రిబ్యూటర్‌గా, అంటే మండలం నుంచి వార్తలు పంపే విలేకరిగా, చేరొచ్చా అని. దాని సంగతి ఆఖర్న చెబుతాను.

ముందు జవాబు. అమ్మా, ఆ రెండు వార్తల్లో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. పక్షపాతం లేని పేపరు నాకైతే కనబడలేదు, నేను పనిచేసిందీ అలాంటిది కాదు. వార్తలో పక్షపాతం రాసిన అబద్ధంలో ఉండేది తక్కువ. రాయకుండా వదిలేసిన దాంట్లో, చిన్నది చేసి లోపలి పేజీకి తోసేసిన దాంట్లో, వాక్యం చివర పెట్టిన క్రియలో ఉండేదే ఎక్కువ. అందుకే అబద్ధం కోసం వెతికితే మీకు దొరకదు. లేనిదాన్ని వెతకాలి.

ఇంకోటి కూడా ముందే చెప్పేస్తాను. జిల్లా పేజీల్లో కనబడే పక్షపాతంలో పార్టీల వాటా అందరూ అనుకునేంత పెద్దది కాదని నా అనుభవం. చాలా భాగం డబ్బు, టైం, దూరం, బద్ధకం నుంచే పుడుతుంది. నేను 1990ల మొదట్లో కొండపి వైపు కంట్రిబ్యూటర్‌గా మొదలుపెట్టి, తర్వాత ఒంగోలు డెస్కులో (వచ్చిన వార్తలు దిద్ది పేజీ కట్టే చోట), ఆ తర్వాత నెల్లూరు ఎడిషన్‌లో సబ్ ఎడిటర్‌గా చేశాను. మొత్తం 24 ఏళ్లు. పత్రిక పేరు చెప్పను, చెప్పినా పెద్ద తేడా ఏమీ ఉండదు.

మీ వెలిగొండతోనే మొదలుపెడదాం. శ్రీశైలం వరద నీళ్లలో 43.5 టీఎంసీలు నల్లమల కింద సొరంగాల్లోంచి తెచ్చి, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వాలన్నది ప్రాజెక్టు. రెండు సొరంగాలు, ఒక్కోటి దాదాపు 18.8 కిలోమీటర్లు. దీనికి శంకుస్థాపన 1996లో ఒకసారి జరిగింది, 2004లో ఇంకోసారి. చేసిన ముఖ్యమంత్రులు వేరు, పార్టీలు వేరు. ఇప్పుడు ఇంట్లో ఉన్న రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. వెలిగొండ కథను ఒకటి 1996 నుంచి చెబుతుంది, ఇంకోటి 2004 నుంచి. తేదీలు రెండూ నిజమే. కథ ఎక్కడ మొదలుపెట్టామన్న దాన్నిబట్టి హీరో మారిపోతాడు, అంతే. ఒక పేపరు తవ్విన సొరంగం పొడవు లెక్కపెడుతుంది. రెండోది పొలానికి రాని నీళ్లు లెక్కపెడుతుంది. ఆ లెక్కలూ నిజమే.

దీన్నే ఫ్రేమింగ్ అంటారు. 1993లో రాబర్ట్ ఎంట్‌మన్ అనే ఆయన దీన్ని బాగా విడమరిచి చెప్పాడు. ఒక విషయంలో కొన్ని ముక్కలు ఏరుకుని, వాటినే పైకి ఎత్తి చూపిస్తే, సమస్య ఏమిటో, కారణం ఎవరో, తప్పెవరిదో, మందు ఏమిటో పాఠకుడికి మనం చెప్పకుండానే చెప్పినట్టవుతుందని ఆయన మాటల సారం. ఆ నాలుగు ప్రశ్నలూ వెలిగొండ వార్తకు వేసి చూడండి. నాన్నగారి పేపర్లో సమస్య 'ఆలస్యం', తప్పు 'ఆ ప్రభుత్వానిది' అని వస్తుంది. బాబాయిగారి పేపర్లో సమస్య 'నిధులు', తప్పు 'ఈ ప్రభుత్వానిది' అని వస్తుంది.

పరీక్షలో ఇంతవరకు రాస్తే మార్కులు పడతాయి. నేను మాత్రం మిమ్మల్ని మూడో ఫ్రేము వెతకమంటాను. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలు మూస్తే ఏర్పడేది నల్లమలసాగర్ జలాశయం. అందులో మునిగే ఊళ్లున్నాయి, ఆ ఊళ్లలో మనుషులున్నారు. ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి, పరిహారం ఎప్పుడిస్తారు అన్నది వాళ్ల వెలిగొండ. ఆ వార్త రెండు పేపర్లలోనూ వస్తుంది, వాళ్లు రోడ్డు మీద కూర్చున్న రోజు, లోపలి పేజీలో. రెండు పేపర్లూ దేనిమీద కొట్టుకుంటున్నాయో అందరికీ కనబడుతుంది. రెండూ కలిసి దేన్ని పక్కన పెట్టాయో చూడటమే కష్టం. మీరు చదవబోయే చదువు అందుకే.

ఫ్రేముకు ఇంకో చిన్న లెక్క, మన నెల్లూరుది. 2024-25కు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాల్‌కు 2,300 రూపాయలు. మన పుట్టి 850 కిలోలు. అంటే మద్దతు ధర ప్రకారం పుట్టికి 19,550 రావాలి. బయట వ్యాపారి 18,500కు కొంటున్నాడనుకోండి. 'పుట్టి రూ.18,500 పలుకుతున్న ధాన్యం' అని ఒక హెడ్డింగ్ పెట్టొచ్చు. 'పుట్టికి రూ.1,050 నష్టపోతున్న రైతు' అని ఇంకోటి పెట్టొచ్చు. మొదటిది చదివి హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నాన్నకు ఫోన్ చేసి ఈసారి బాగానే వచ్చిందిగా అంటాడు. క్వింటాల్ లెక్క ఒక పేపర్లో, పుట్టి లెక్క ఇంకో పేపర్లో వస్తే పోల్చుకునే దారే ఉండదు. కొలత మార్చి రాయడం కూడా ఫ్రేమే. ఇది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, డెస్కులో కూర్చుని నేర్చుకున్నాను.

ఇక గేట్‌కీపింగ్, అంటే ఏ వార్త పేపర్లోకి రావాలో ఏది ఆగిపోవాలో తేల్చడం. డేవిడ్ మానింగ్ వైట్ ఒక చిన్న అమెరికన్ పత్రికలో ఏజెన్సీ వార్తలు ఎంపిక చేసే ఎడిటర్‌ను 1949లో వారం రోజులు గమనించి, 1950లో అచ్చువేశాడు. వచ్చిన వార్తల్లో పదింట తొమ్మిది వంతులు ఆయన పక్కన పడేశాడు. ఎందుకు పడేశావని అడిగితే, కొన్నింటికి స్థలం లేదన్నాడు, కొన్ని బాగాలేవన్నాడు, కొన్ని తనకు నచ్చలేదన్నాడు.

పాఠ్యపుస్తకంలో ఆ ఎడిటర్ బొమ్మ చూస్తే గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ కాపలాదారులా అనిపిస్తాడు. అసలు సంగతి వేరు. రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. పేజీ దాదాపు అయిపోయింది. అప్పుడు యాడ్స్ సెక్షన్ నుంచి ఫోన్, క్వార్టర్ పేజీ యాడ్ వచ్చింది, పెట్టండి అని. నాలుగు వార్తలు తీసెయ్యాలి. ఏవి తీస్తాం? ఏ కంట్రిబ్యూటర్ పొద్దున్నే ఫోన్ చేసి గొడవపడడో ఆయనవి. ఏ ఊరు దూరమో ఆ ఊరివి. చంద్రశేఖరపురం, వెలిగండ్ల, పామూరు వార్తలు నా చేతులమీదుగా ఎన్ని పోయాయో చెప్పలేను. ఆ ఊళ్లమీద నాకేం కోపం? ఒంగోలు వార్త తీస్తే ఒంగోలులో పది మంది అడుగుతారు, వెలిగండ్ల వార్త తీస్తే అడిగేవాడు లేడు. పదేళ్లు ఇలా తీస్తూపోతే ఏమవుతుందంటే, పడమటి ప్రకాశంలో ఏమీ జరగదు అని చదివేవాళ్లకే కాదు, డెస్కులో ఉన్న మాకు కూడా నమ్మకం కుదిరిపోయింది.

ఇంకో గేటు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక తెలుగు పత్రికలన్నీ ఆ దారి పట్టాయి. మంచిదే. అంతకుముందు మండల స్థాయి వార్తకు పేపర్లో చోటే లేదు. కానీ పొదిలి వార్త దాని జిల్లా పేజీలో ఆగిపోతుంది, ఆత్మకూరు వార్త నెల్లూరు పేజీలో ఆగిపోతుంది. బోర్లు ఎండిన సంగతి రెండుచోట్లా ఒకటే అయినా ఎవరికి వాళ్లు ఇది మా ఊరి ఖర్మ అనుకుంటారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు, ఉలవపాడు, గుడ్లూరు నెల్లూరు జిల్లాలోకి వెళ్లాయి. మావాళ్లు పేజీ కూడా మార్చేశారు. సింగరాయకొండలో ఉన్న మా బావమరిది, నేషనల్ హైవే మీద పక్కనే ఉన్న ఉలవపాడులో ఏం జరుగుతోందో తన పేపర్లో రావడం లేదని నాకు ఫోన్ చేసి తిట్టాడు. మామిడికాయలు ఎలా ఉన్నాయో కూడా తెలియట్లేదు బావా అన్నాడు. హద్దు గీసింది ప్రభుత్వం, దాన్ని వార్తకు గేటుగా మార్చింది మేం.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. కొండపి వైపు చేస్తున్నప్పుడు పొగాకు వేలం వార్త రోజూ పంపేవాణ్ని. వేలం కేంద్రం నుంచి సాయంత్రం వివరాలు వచ్చేవి. ఎన్ని బేళ్లు వచ్చాయి, ఎన్ని అమ్ముడయ్యాయి, ఎన్ని వెనక్కి పోయాయి, గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, సరాసరి. నేను కళ్లు మూసుకుని గరిష్ఠ ధర హెడ్డింగ్‌లో పెట్టేవాణ్ని. పెద్ద అంకె ఉంటే వార్త పడుతుంది కదా. ఒకరోజు ప్లాట్‌ఫాం మీద ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి, "అబ్బయ్యా, నువ్వు రాసిన ఆ ధర ఎన్ని బేళ్లకు పలికింది? నా పద్నాలుగు బేళ్లలో ఒక్కటి కూడా లేదే. నీ పేపరు చూసి అప్పులోళ్లు మా ఇంటికొస్తున్నారు" అన్నాడు.

నేను రాసిన అంకె తప్పు కాదు. కానీ ఆ ధర పలికింది మేలు రకం బేళ్లు కొద్దిటికి. లో గ్రేడు బేళ్లు నో బిడ్ అయి, అంటే పాడేవాడే లేక, మళ్లీ ట్రాక్టర్ ఎక్కి ఇంటికి పోతున్నాయి. నా వార్తలో ఆ ట్రాక్టర్ లేదు. ఆ తర్వాత సరాసరి ధర హెడ్డింగ్‌లో, వెనక్కిపోయిన బేళ్లు ఇంట్రోలో, అంటే మొదటి పేరాలో, పెట్టడం మొదలుపెట్టాను. డెస్కు వాళ్లు రెండు రోజులు చూసి, మూడో రోజు గరిష్ఠ ధరనే మళ్లీ పైకి ఎత్తారు. నేను డెస్కుకు వెళ్లాక నేనూ చాలాసార్లు అదే చేశాను, దాచడమెందుకు.

ఇందులో పాఠం ఏమిటంటే సోర్స్, అంటే వార్తకు సమాచారం ఇచ్చేవాళ్లు. ఎవరు రోజూ టైంకు ప్రెస్‌నోట్ ఇస్తారో వాళ్ల లోకమే పేపర్లో కనబడుతుంది. ఎస్పీ ఆఫీసు ఇస్తుంది, కలెక్టరేట్ ఇస్తుంది, పార్టీ ఆఫీసు ఇస్తుంది, ఫొటోతో సహా. కౌలు రైతు ప్రెస్‌నోట్ ఇవ్వడు. 1988లో ఎడ్వర్డ్ హెర్మన్, నోమ్ చామ్‌స్కీ వార్తను వడపోసే ఐదు జల్లెళ్ల గురించి రాశారు. యాజమాన్యం, ప్రకటనలు, సోర్సులు, వార్త రాశాక పైనుంచి పడే ఒత్తిడి, ఐదోది కమ్యూనిజం అంటే భయం. వాళ్లది అమెరికా లెక్క, ఐదోది మన దగ్గర అతకదు. మొదటి నాలుగు మాత్రం ఒంగోలు ట్రంకు రోడ్డు మీద నిలబడి చూసినా కనబడతాయి.

ప్రకటనల సంగతి పొడుగ్గా చెప్పను. 'ఓ ప్రైవేటు ఆస్పత్రి', 'నగరంలోని ఓ ప్రముఖ కళాశాల' అని చదివినప్పుడల్లా ఆగండి. దొంగతనం చేసిన పేదవాడికి పేరు, వయసు, తండ్రి పేరు, వీధి, ఫొటో అన్నీ ఉంటాయి. భవనం నాలుగంతస్తులుంటే పేరుండదు. ఒక జూన్ నెలలో హాస్టల్ భోజనం తిని పిల్లలు ఆస్పత్రి పాలైన వార్త మూడు కాలమ్‌లు కట్టాను. అచ్చయ్యేసరికి సింగిల్ కాలమ్, పేరు లేదు. అదే పేజీ కింద ఆ సంస్థ ర్యాంకుల యాడ్. కంపోజింగ్ కుర్రాడు నావైపు చూసి నవ్వాడు, నేను టీ తాగడానికి కిందికి వెళ్లిపోయాను.

ఇక తెలుగు మాటలోనే ఉన్న పక్షపాతం ఒకటి చెబుతాను. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఇది మీకు దొరకదు, ఎందుకంటే ఆ భాషలో 'డు', 'రు' లేవు. పెద్దమనిషి పోతే 'కన్నుమూశారు'. టీచరు పోతే 'మృతి చెందారు'. కూలీ పోతే 'మృతి చెందాడు'. ఎవరో తెలియని మనిషైతే 'మృతదేహం లభ్యమైంది', మనిషే లేడు. ఒకే ప్రమాదంలో కారులో ఉన్నాయన 'దుర్మరణం పాలయ్యారు', ఆటోలో ఉన్నాయన 'దుర్మరణం పాలయ్యాడు' అని ఒకే వార్తలో రావడం నేను దిద్దాను, దిద్దకుండా వదిలేశాను కూడా. చేతిలో ఎంత డబ్బుంటే క్రియ చివర అంత గౌరవం. దీనికి డెస్కులో రూలు రాసిపెట్టి లేదు. చెయ్యి అలా పోతుంది.

నాయకుల మాటల దగ్గరా అంతే. మనకు నచ్చినాయన 'స్పష్టం చేశారు', నచ్చనాయన 'బుకాయించారు'. ఒకాయన 'నిలదీశారు', ఇంకొకాయన 'అక్కసు వెళ్లగక్కారు'. ఇద్దరూ చేసింది మైకు ముందు మాట్లాడటమే. వార్త చదివేటప్పుడు క్రియ తీసేసి 'అన్నారు' పెట్టి చదవండి. వేడి దిగిపోయాక అందులో సమాచారం ఎంత మిగిలిందో తెలుస్తుంది. చాలాసార్లు ఏమీ మిగలదు.

మాటల్లో నన్ను ఇప్పటికీ పొడిచేది 'ఘర్షణ'. 1985 జులై 17న కారంచేడులో జరిగింది ఘర్షణ కాదు, దళితవాడ మీద దాడి. ఆరుగురు దళితుల్ని చంపారు. ఆ ఊరు అప్పుడు మన ప్రకాశం జిల్లాలోదే. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు నేను డెస్కులో కూర్చున్నా, ఊళ్లోవాళ్లు కాలనీలోవాళ్లను కొట్టారని వార్త వస్తే 'ఇరువర్గాల ఘర్షణ: పలువురికి గాయాలు' అని చేతికొచ్చినట్టు హెడ్డింగ్ పెట్టేవాణ్ని. ఎందుకంటే పోలీసులు కేసు, కౌంటర్ కేసు రెండూ కట్టేవాళ్లు. రెండు కేసులున్నాయి కాబట్టి రెండు వర్గాలు, రెండు వర్గాలున్నాయి కాబట్టి ఘర్షణ. చూడటానికి ఎంతో నిష్పక్షపాతంగా ఉంటుంది. ఎవరి తలలు పగిలాయో లెక్క రాస్తే పొద్దున్నే ఫోన్లు వస్తాయి. మా డెస్కులో కాలనీ నుంచి వచ్చినవాడు ఒక్కడుంటే ఆ మాట పడనిచ్చేవాడు కాదు. నాకు తెలిసిన రోజుల్లో ఒక్కడూ లేడు. ఆడవాళ్లు ఒకరో ఇద్దరో, వాళ్లకూ ఫీచర్స్ పేజీ. గదిలో ఎవరున్నారన్నది కూడా గేటే, ఇది మీ సిలబస్‌లో ఒక పేరాగ్రాఫ్ ఉంటుంది, అంతే.

రెండు వైపులా రాస్తే సరిపోతుందనే భ్రమ ఇసుక విషయంలోనూ చూశాను. పెన్నాలో అక్రమంగా తవ్వుతున్నారని ఊరివాళ్లు అంటారు, అలాంటిదేమీ లేదని అధికారి అంటారు. ఇద్దరి మాటా చెరో నాలుగు లైన్లు రాసి బాధ్యత తీరిపోయిందనుకుంటాం. రాత్రి పదింటికి బండి వేసుకుని రేవు దగ్గరకు పోయి లారీలు లెక్కపెట్టడం విలేకరి పని. పెట్రోలు డబ్బులు ఎవరిస్తారన్నది వేరే సంగతి, దానికీ ఆఖర్న వస్తాను.

ఎజెండా సెట్టింగ్ గురించి మాత్రం మన జిల్లావాళ్లు ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. పరీక్షకు మెకోంబ్స్, షా పేర్లు రాయండి. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు చాపెల్ హిల్‌లో ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని 100 మందిని అడిగారు, 1972లో అచ్చువేశారు. మీడియా దేనికి ఎక్కువ చోటిచ్చిందో, జనం కూడా దాన్నే పెద్ద సమస్య అన్నారు. ఉదాహరణ మాత్రం దూబగుంట రాయండి. కలిగిరి మండలంలో ఊరు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో నెల్లూరు జిల్లా అంతా అంటుకుంది, సారా వేలం పాటలు జరగనివ్వలేదు. ఈనాడు ప్రత్యేకంగా చోటిచ్చి రోజూ రాసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో సడలింపు.

ఇక్కడ రెండు మాటలు. పత్రికలే ఉద్యమం తెచ్చాయని కొందరు రాస్తారు, అది ఆడవాళ్లకు అన్యాయం. చీపుర్లు పట్టుకుని దుకాణం ముందు నిలబడింది వాళ్లు. పత్రిక చేసింది ఒక ఊరి కథ ఇంకో ఊరికి చేర్చడం. అది చిన్న పని కాదు, కానీ మొదటి పనీ కాదు. రెండోది, ఎజెండా నిలబెట్టినవాడికి దించేసే వీలు కూడా ఉంటుంది. 1997లో నిషేధం సడలించినప్పుడు ఆ ఊళ్లకు మళ్లీ ఎంతమంది విలేకరులు వెళ్లారు? నేను వెళ్లలేదు.

పత్రిక ఎజెండాలోకి ఎప్పటికీ ఎక్కని సమస్యలు కొన్నుంటాయి, దానికి కారణం కుట్ర కాదు, వార్తకున్న స్వభావం. 1965లో గాల్టుంగ్, రూజ్ అనే నార్వే పరిశోధకులు ఏది వార్త అవుతుందో జాబితా కట్టారు. అందులో మొదటిది, పేపరు ఎంత తరచుగా వస్తుందో సంఘటన కూడా ఆ వేగంతోనే జరగాలి. రోజూ వచ్చే పేపరుకు ఇవాళ జరిగింది కావాలి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఇవాళ ఏమీ చెయ్యవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, నడుం వంగుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి. దానికి తేదీ లేదు. మంత్రి వస్తేనే వార్త, అప్పుడు కూడా హెడ్డింగ్‌లో మంత్రే ఉంటాడు.

పెయిడ్ న్యూస్, అంటే డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలా వెయ్యడం, గురించి అడగలేదు గానీ చెప్పకపోతే లోటు. 2009 ఎన్నికల తర్వాత ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘం వేసింది. అందులో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్‌రెడ్డి ఉన్నారు. వాళ్లు 2010లో పేర్లతో సహా రాసిన నివేదికను కౌన్సిల్ అప్పట్లో పూర్తిగా బయటపెట్టలేదు. మీడియా మీద వచ్చిన నివేదికనే గేట్‌కీపింగ్ చేశారన్నమాట. గుర్తుపట్టడం తేలికే. ఎన్నికల నెలలో 'జననీరాజనం', 'అడుగడుగునా బ్రహ్మరథం' అని వార్త ఉండి, ఒక్క ఓటరు పేరు, ఒక్క ప్రశ్న, ఒక్క సమస్య లేకపోతే అది ప్యాకేజీ. అదే వాక్యాలు అక్షరం మారకుండా పక్క పేపర్లో కూడా ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. జిల్లాలో మీడియా పర్యవేక్షణ కమిటీ ఉంటుంది, దానికి పంపొచ్చు. మామూలు వార్తమీద ఫిర్యాదైతే ముందు ఎడిటర్‌కు రాయాలి, జవాబు సరిగా లేకపోతే దినపత్రికలో వచ్చిన రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కు రాయాలి. కౌన్సిల్ మందలిస్తుంది, అంతకుమించి శిక్ష వెయ్యలేదు. టీవీ చానళ్లు దాని పరిధిలోనే లేవు.

ఇప్పుడు నాన్నగారు, బాబాయిగారి విషయం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాలోన్, రాస్, లెప్పర్ చేసిన ఒక ప్రయోగం 1985లో అచ్చయింది. 1982 బీరుట్ హత్యాకాండ మీద వచ్చిన టీవీ వార్తల్ని ఇజ్రాయెల్ అభిమానులకు, అరబ్ అభిమానులకు చూపించారు. రెండు వర్గాలకూ చూపించింది ఒకటే. ఇది మాకు వ్యతిరేకం అని ఇద్దరూ అన్నారు. దీన్ని హోస్టైల్ మీడియా ఎఫెక్ట్ అంటారు. నెల్లూరు డెస్కులో ఇది నాకు నెలకోసారి జరిగేది. ఒకే వార్తకు ఇటు పార్టీ వాళ్లూ, అటు పార్టీ వాళ్లూ ఫోన్ చేసి తిట్టేవాళ్లు. మా బ్యూరో ఇన్‌చార్జ్ సంతోషపడిపోయి, ఇద్దరూ తిట్టారంటే మనం కరెక్టన్నమాట అనేవాడు. కాదు. ఇద్దరూ తిట్టారంటే మనం ఇద్దరికీ అన్యాయం చేసి ఉండొచ్చు కూడా. ఈ మాటను విలేకరులు కవచంలా వాడతారు, నమ్మకండి.

అందుకని నాన్నగారితో పేపరు గురించి వాదించవద్దు, మారరు. నేను గెస్ట్ క్లాసులకు వెళ్లినప్పుడు పిల్లలతో ఒక పని చేయిస్తాను, అది చేయండి. వారం రోజులు రెండు పేపర్ల జిల్లా పేజీలు దాచండి. ఒక స్కేలు, మూడు రంగుల పెన్నులు తీసుకోండి. అధికారి చెప్పిన మాట కింద నీలం, రాజకీయ నాయకుడి మాట కింద ఎరుపు, మామూలు మనిషి మాట కింద ఆకుపచ్చ గీత గీయండి. ఒక్కో వార్త ఎన్ని కాలమ్ సెంటీమీటర్లో కొలిచి రాసుకోండి. తర్వాత మీ దర్శిలో ఆ వారం మీ కళ్లతో చూసిన సంగతులు ఐదు రాసి, అవి ఏ పేజీలో ఎంత వచ్చాయో, అసలు వచ్చాయో లేదో చూడండి. దీన్ని కంటెంట్ అనాలిసిస్ అంటారు, పీజీలో ఇది చెబుతారు. ఎరుపు విషయంలో రెండు పేపర్లూ వేర్వేరుగా ఉంటాయి. ఆకుపచ్చ విషయంలో కవల పిల్లల్లా ఉంటాయి. ఆ పెన్ను ఇంకు అయిపోయిందని నాతో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఇక మీ చివరి ప్రశ్న, కంట్రిబ్యూటర్‌గా చేరొచ్చా అని. చేరొచ్చు. ఏ క్లాసులోనూ రానంత చదువు ఏడాదిలో వస్తుంది. కానీ చేరేముందు బ్యూరోకు వెళ్లి నాలుగు సంగతులు అడగండి. అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తారా? లైన్ అకౌంట్ (అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే డబ్బు) నెలకు ఎంత రావచ్చు? పెట్రోలు ఎవరిది? ఉగాదికి, జనవరి 26కు, ఆగస్టు 15కు, ఎమ్మెల్యే పుట్టినరోజుకు యాడ్ టార్గెట్ ఎంత? మండలంలో యాడ్ ఇచ్చేది సర్పంచి, కాంట్రాక్టరు, స్కూలు యజమాని. మీరు రాయాల్సిన వార్తలు కూడా వాళ్లమీదే. వాళ్లు చెప్పే టార్గెట్ లైన్ అకౌంట్ కంటే పెద్ద అంకె అయితే, కాఫీ ఇస్తే తాగి, దర్శి బస్సెక్కి ఇంటికొచ్చి ఎంట్రన్స్‌కు చదువుకోండి.